దొంగదారిన మహాయాత్ర

లీ చాంగ్ ఒక కాగితం తెచ్చి భిక్షువు ముందు పెట్టాడు.

"ఇందులో రాసింది మీ గురించేనా స్వామీ?"

లియాంగ్‌జౌ నుంచి దిగిన తాఖీదు అది. హుయాన్‌త్సాంగ్ అనే భిక్షువు పడమటి దేశాలకు జారుకోవాలని చూస్తున్నాడు, ఏ జిల్లాలో కనబడితే అక్కడే పట్టుకుని అప్పగించాలి అని ఉంది. భిక్షువు తటపటాయించాడు. అబద్ధమాడితే శీలం పోతుంది, నిజం చెబితే ప్రయాణం పోతుంది.

"ఉన్నదున్నట్టు చెప్పండి. మీరే అయితే ఏదో ఒక ఉపాయం నేనే ఆలోచిస్తాను."

చెప్పాడు. లీ చాంగ్ ఇంకేమీ అడగలేదు. తాఖీదును ఆయన కళ్ళెదుటే చింపేశాడు. "ఇక్కడ ఇంక ఆలస్యం చెయ్యకండి" అన్నాడు.

లీ చాంగ్ ఆ జిల్లాలో సర్కారు ఉద్యోగి. బుద్ధుడి మీద భక్తి ఉన్నవాడు. ఆ పూట అతను చింపింది తన ప్రభుత్వం పంపిన ఉత్తర్వునే.

ఊరు గ్వాజౌ, చైనా వాయవ్య సరిహద్దు. సంవత్సరం క్రీ.శ. 629. (627 అనే పండితులూ ఉన్నారు.) టాంగ్ వంశం రాజ్యానికొచ్చింది 618లో, తైజోంగ్ చక్రవర్తి గద్దెనెక్కింది 626లో. దేశం ఇంకా కుదుటపడలేదు. ఉత్తరాన తుర్కు తెగల భయం. అనుమతి లేకుండా ఎవరూ సరిహద్దు దాటకూడదని కట్టడి.

హుయాన్‌త్సాంగ్‌కు అప్పటికి ముప్ఫై నిండలేదు. లువోయాంగ్ దగ్గరి పల్లెలో పుట్టి, చిన్నతనంలోనే మఠంలో చేరాడు. ఊరూరా గురువుల దగ్గర చదువుకున్నకొద్దీ సందేహాలు పెరిగాయి. ఒకే శాస్త్రానికి ఒకరు ఒక అర్థం చెబితే మరొకరు ఇంకో అర్థం చెప్పేవారు. అనువాదాలకు ఒకదానితో ఒకదానికి పొంతన లేదు. మూలం చూస్తేగాని తేలదనుకున్నాడు. ముఖ్యంగా యోగాచారభూమి శాస్త్రం కావాలి. అది భారతదేశంలో ఉంది. తోటి భిక్షువులతో కలిసి అర్జీ పెట్టుకున్నాడు. కుదరదన్నారు. మిగతావాళ్ళు ఊరుకున్నారు, ఈయన ఊరుకోలేదు.

లియాంగ్‌జౌలో అధికారి పిలిపించి, వెనక్కి పొమ్మని గట్టిగా చెప్పాడు. అక్కడి పెద్ద భిక్షువు ఒకరు తన శిష్యులిద్దరిని గుట్టుగా తోడిచ్చి పంపాడు. పగలు దాక్కుంటూ, రాత్రి నడుస్తూ గ్వాజౌ చేరారు. చేరాక గుర్రం చచ్చిపోయింది. శిష్యుల్లో ఒకడు దున్‌హువాంగ్ వెళ్ళిపోయాడు. రెండోవాడు ఈ దారికి తట్టుకోలేడని హుయాన్‌త్సాంగే వెనక్కి పంపేశాడు.

ఇవన్నీ హుయాన్‌త్సాంగ్ శిష్యుడు హ్వీలీ రాసిన జీవిత చరిత్రలో ఉన్న ఘట్టాలు. మనుషులు, స్థలాలు, జరిగిన క్రమం అందులోవే. సంభాషణల్లోని మాటలు మాత్రం కథనం కోసం కూర్చినవి.

ముసలి గుర్రం

గ్వాజౌకు యాభై లీల ఉత్తరాన నది. లీ అంటే సుమారు అర కిలోమీటరు. నది వడి ఎక్కువ, లోతూ ఎక్కువే. పై వైపున యుమెన్ ద్వారం, దానికి కాపలా. ఆ ద్వారం దాటితే వాయవ్యంగా ఐదు కాపలా బురుజులు, ఒక్కోదానికీ మధ్య నూరు లీలు. నీళ్ళూ గడ్డీ ఆ బురుజుల దగ్గరే. ఐదూ దాటితే మోహెయాన్ ఎడారి. దానికి అవతల యీవు రాజ్యం, ఇప్పటి హామీ.

హుయాన్‌త్సాంగ్ ఇంకో గుర్రం కొన్నాడు. దారి చూపే మనిషి మాత్రం దొరకలేదు. మైత్రేయుడి విగ్రహం ముందు కూర్చుని ప్రార్థిస్తున్న రోజుల్లో ఒక పరదేశి మఠానికొచ్చాడు. పేరు షీ పాంతువో. మధ్య ఆసియా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ జనంలో ఒకడు. వయసులో ఉన్నవాడు, మనిషి బలంగా ఉన్నాడు, మాట మర్యాదగా ఉంది. పంచశీలాలు ఇమ్మని అడిగాడు. ఇచ్చాక, భిక్షువు తన సంగతి చెప్పాడు.

"ఐదు బురుజులూ నేను దాటిస్తాను స్వామీ" అన్నాడు పాంతువో.

మర్నాడు పొద్దుగుంకే వేళకు పొదల చాటున కలుసుకున్నారు. పాంతువో వెంట ఒక ముసలాయన, ఆయన కింద బక్కచిక్కిన ఎర్ర గుర్రం. ఇతన్నెందుకు తెచ్చాడా అని భిక్షువు చిరాకుపడ్డాడు. యీవు దారి ఈయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, ముప్ఫైసార్లకు పైగా తిరిగినవాడు అన్నాడు పాంతువో.

ముసలాయన ఉన్నమాట చెప్పాడు. "ఆ దారి మంచిది కాదు స్వామీ. అడ్డంగా ఇసుక నది. వడగాడ్పు తగిలితే బతకరు. గుంపులుగా పోయినవాళ్ళే దారి తప్పుతారు, మీరొక్కరు ఎలా పోతారు? ప్రాణంతో ఆటలొద్దు."

బ్రాహ్మణ దేశం, అంటే భారతదేశం, చేరకపోతే తూర్పుకు తిరగనని, నడి దారిలో చచ్చినా విచారించనని భిక్షువు బదులిచ్చాడు. ఇక వాదించి లాభం లేదని ముసలాయనకు తెలిసిపోయింది. "పోయేదే నిజమైతే నా గుర్రం తీసుకోండి. యీవుకు పదిహేనుసార్లు పోయొచ్చింది. మీ గుర్రం చిన్నది, ఈ దారి ఎరగదు."

రాజధాని చాంగాన్‌లో ఒక జోస్యుడు ఈయనతో, ముసలి ఎర్ర గుర్రమెక్కి పోతారని, దాని జీను ముందు ఇనుప తాపడం ఉంటుందని చెప్పి ఉన్నాడు. భిక్షువు జీను వైపు చూశాడు. ముందు ఇనుము ఉంది. మారు మాట్లాడకుండా గుర్రాలు మార్చుకున్నాడు.

కత్తి

అర్ధరాత్రి నది దగ్గరికి చేరారు. దూరంగా యుమెన్ ద్వారం కనిపిస్తోంది. అక్కడ నది వెడల్పు పదడుగులకు కాస్త పైన. పాంతువో గట్టు మీది చెట్లు నరికి అడ్డంగా పడేశాడు. పైన గడ్డి పరిచి, ఇసుక పోసి, గుర్రాల్ని నడిపించాడు. దాటాక భిక్షువుకు ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ యాభై అడుగుల ఎడంలో పక్కలు పరుచుకున్నారు.

కాసేపటికి పాంతువో లేచాడు. కత్తి దూసి మెల్లగా భిక్షువు వైపు నడిచాడు. పదడుగుల దూరంలో ఆగాడు. వెనక్కి తిరిగాడు.

భిక్షువు నిద్రపోలేదు. చూస్తూనే ఉన్నాడు. లేచి కూర్చుని అవలోకితేశ్వరుణ్ణి తలుచుకుంటూ సూత్రాలు చదవసాగాడు. అది చూసి పాంతువో పోయి పడుకున్నాడు. తెల్లారేదాకా ఇద్దరూ ఆ ఊసెత్తలేదు.

పొద్దున్నే కాళ్ళూ చేతులూ కడుక్కుని భోజనం ముగించాక పాంతువో అసలు సంగతి బయటపెట్టాడు.

"ముందంతా గండాలే స్వామీ. నీళ్ళు బురుజుల దగ్గర తప్ప లేవు. రాత్రిపూట దొంగతనంగా పట్టుకోవాలి. ఒక్కచోట కంటబడినా చావే. వెనక్కి పోదాం."

భిక్షువు ఒప్పుకోలేదు. పాంతువో విల్లెక్కుపెట్టి, కత్తి చూపి, ముందు నడవమన్నాడు. భిక్షువు దానికీ ఒప్పుకోలేదు. అలాగే కొన్ని లీలు పోయాక పాంతువో ఆగిపోయాడు. "నా ఇంటి బరువు పెద్దది. రాజు మాట మీరలేను."

"అయితే వెళ్ళు నాయనా."

అయినా అతను కదలలేదు. అడగాల్సింది ఇంకా మిగిలి ఉంది. "మీరెలాగూ దాటలేరు. పట్టుబడితే నా పేరు చెప్పరా?"

తన ఒంటిని ముక్కలు ముక్కలుగా కోసినా ఆ పేరు పలకనని భిక్షువు ప్రమాణం చేశాడు. పడ్డ శ్రమకు కృతజ్ఞతగా ఒక గుర్రాన్ని కూడా ఇచ్చి పంపాడు.

ఈ కథ చెప్పేవాళ్ళు పాంతువోను విశ్వాసఘాతకుడిగా చూపించి వదిలేస్తారు. అతని వైపు నుంచి చూస్తే అసలు భయం ఎడారి కాదు. భిక్షువు దొరికితే పోయేది తన తల. ఒక్క పోటుతో ఆ భయం తీరిపోయేది. పదడుగుల దూరం దాకా పోయి కూడా అతను ఆ పని చెయ్యలేదు.

బాణం వెనక మనిషి

ఇక ఒంటరి ప్రయాణం. ఎముకల కుప్పలు, గుర్రపు లద్దెలు, అవే దారి గుర్తులు. ఉన్నట్టుండి దూరాన వందల మంది సైనికులు, ఒంటెలు, జెండాలు కనిపించాయి. దగ్గరికొచ్చేసరికి ఏమీ లేదు. ఎండమావులు. ఎనభై లీలు నడిచి మొదటి బురుజు చేరాడు. చీకటి పడేదాకా ఇసుక గుంటలో దాక్కున్నాడు. తర్వాత నీళ్ళ దగ్గరికి పాకి, తాగి, చేతులు కడుక్కుని, తోలుతిత్తి నింపుకోబోతుంటే మోకాలి పక్కనుంచి బాణం దూసుకుపోయింది. వెంటనే ఇంకోటి.

"నేను రాజధాని నుంచి వచ్చిన భిక్షువును! కొట్టకండి!"

గుర్రాన్ని నడిపించుకుంటూ తానే బురుజు దగ్గరికి పోయాడు. కాపలా నాయకుడు వాంగ్ షియాంగ్ దీపం వెలుగులో ఎగాదిగా చూశాడు. ఈ ప్రాంతపు భిక్షువు కాదని గుర్తుపట్టాడు. ఇంత దూరం పోలేరు, దున్‌హువాంగ్‌లో మా ఊరి పండితుడున్నాడు, అక్కడికి పంపిస్తాను అన్నాడు. శిక్షిస్తే శిక్షించు, వెనక్కి మాత్రం ఒక్క అడుగు వెయ్యను అన్నాడు భిక్షువు. వాంగ్ షియాంగ్ మనసు కరిగింది. తెల్లారి నీళ్ళు నింపించి, రొట్టెలిచ్చి, పది లీల దూరం తానే వెంట వచ్చి, తిన్నగా నాలుగో బురుజుకు పోయే దారి చూపాడు. అక్కడి నాయకుడు వాంగ్ బోలోంగ్ తన బంధువు, తన పేరు చెప్పమన్నాడు.

నాలుగో బురుజు దగ్గరా ముందు బాణమే పలకరించింది. తర్వాత ఆదరణ. బోలోంగ్ ఒక పెద్ద నీళ్ళతిత్తి, గుర్రానికి దాణా ఇచ్చాడు. ఐదో బురుజులో ఉన్నవాడు మొరటు మనిషి, అటు వెళ్ళవద్దు అన్నాడు. నూరు లీలు పోతే అడవిగుర్రాల ఊట ఉంది, నీళ్ళు అక్కడ పట్టుకోండి అన్నాడు.

ఆ ఊట ఆయనకు దొరకలేదు.

ఐదు రోజులు

మోహెయాన్ ఎడారి ఎనిమిది వందల లీలు. పైన పక్షి లేదు, కింద జంతువు లేదు, నీటిచుక్క లేదు, గడ్డిపరక లేదు. తోడు తన నీడ. నోట ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం. నూరు లీలు దాటేసరికి దారి తప్పింది. దాహం వేసి పెద్ద తిత్తి ఎత్తబోయాడు. బరువుకు చేయి జారింది. వెయ్యి లీలకు సరిపడా నీళ్ళు ఇసుక తాగేసింది.

బురుజు వైపు తిరిగాడు. పది లీలు తూర్పుకు నడిచాక తాను చేసిన ప్రతిజ్ఞ గుర్తొచ్చింది. తూర్పుకు వెళ్ళి బతకడం కన్నా పడమటికి పోయి చావడం మేలనుకుని గుర్రాన్ని మళ్ళీ వాయవ్యానికి మళ్ళించాడు.

నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు గొంతులో చుక్క పడలేదు. ఐదో రాత్రి మనిషీ గుర్రమూ ఇసుకలో పడిపోయారు. నడిరేయి చల్లగాలి వీచింది. కాస్త కునుకు పట్టింది. ఈటె పట్టుకున్న మహాకాయుడు కలలో కనిపించి, లేచి నడవవేం అని గద్దించాడట. లేచాడు. పది లీలు పోయాక గుర్రం ఉన్నట్టుండి పక్కకు తిరిగింది. కళ్ళెం బిగబట్టినా ఆగలేదు. కొన్ని లీలు పోయేసరికి పచ్చగడ్డి, కొద్ది అడుగుల్లో అద్దంలా నీళ్ళ మడుగు.

జీవిత చరిత్ర దాన్ని బోధిసత్త్వుడి కరుణ అంది. పదిహేనుసార్లు ఆ దారి తొక్కిన గుర్రం జ్ఞాపకశక్తి కూడా ఇందులో ఉండి ఉంటుంది. 20వ శతాబ్దం మొదట్లో ఆ ఎడారిని స్వయంగా కొలిచిన ఆరెల్ స్టైన్, హ్వీలీ చెప్పిన దూరాలూ దిక్కులూ నేలతో సరిపోతున్నాయని 1919లో ఒక వ్యాసం ప్రకటించాడు.

రెండు రోజుల తర్వాత యీవు. అక్కడి మఠంలో చైనా నుంచి వచ్చి స్థిరపడ్డ ముసలి భిక్షువు ఒకరున్నారు. కబురు విని, అంగవస్త్రం సర్దుకోకుండా, చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, కావలించుకుని ఏడ్చారు. సొంత ఊరి మనిషిని మళ్ళీ చూస్తానని ఆయన అనుకోలేదు.

రాజు వేసిన మరో సంకెల

యీవు నుంచి ఆయన్ని పిలిపించుకున్నది గావోచాంగ్ రాజు చూ వెన్‌తాయ్. తుర్ఫాన్ దగ్గర ఆ నగరపు మట్టిగోడల శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. భిక్షువు అర్ధరాత్రి చేరితే, రాజు దివిటీలతో ఎదురొచ్చాడు. ఆదరించాడు, పొగిడాడు, చివరికి వెళ్ళనివ్వనన్నాడు. ఇక్కడే గురువుగా ఉండిపోండి, లేదంటే మీ దేశానికి తిప్పి పంపిస్తాను అన్నాడు.

భిక్షువు అన్నం నీళ్ళు మానేశాడు. మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు ఊపిరి సన్నగిల్లడం చూసి రాజు భయపడి సాష్టాంగపడ్డాడు. ఇద్దరూ బుద్ధుడి ఎదుట అన్నదమ్ములుగా ప్రమాణం చేసుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు మూడేళ్ళు గావోచాంగ్‌లో ఉండాలన్నది రాజు పెట్టిన షరతు.

ఆ తర్వాత రాజు చేసిన ఏర్పాటుతో ప్రయాణం తీరే మారిపోయింది. సేవకు నలుగురు సామణేరులు, అంటే శిక్షణలో ఉన్న చిన్న భిక్షువులు. ముప్ఫై జతల బట్టలు. చలికి ముఖానికి ముసుగులు, చేతికి తొడుగులు, కాళ్ళకు బూట్లు. నూరు లియాంగుల బంగారం, 30,000 వెండి నాణాలు, 500 తానుల పట్టు. 30 గుర్రాలు, 25 మంది మనుషులు. దారిలో 24 రాజ్యాలకు 24 ఉత్తరాలు. అన్నిటికన్నా విలువైనది పశ్చిమ తుర్కుల యబ్గూ ఖగాన్‌కు రాసిన ఉత్తరం. ఈయన నా తమ్ముడు, ప్రతి మజిలీలో గుర్రాలు మార్పించి సాగనంపండి అన్నది దాని సారం. దాంతోపాటు 500 తానుల పట్టు, రెండు బండ్ల పండ్లు. నిన్నటిదాకా పారిపోతున్న మనిషి చేతిలో ఇప్పుడు మధ్య ఆసియా అంతా చెల్లే రహదారి పత్రం ఉంది.

మంచులో ఏడు రోజులు

కూచా నగరంలో రెండు నెలలకు పైగా ఆగాల్సి వచ్చింది. కనుమలు మంచుతో మూసుకుపోయాయి. అవి విడిచాక తియాన్‌షాన్ కొండలెక్కారు. అది బెడెల్ కనుమ అయి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ దారికి కొన్ని నియమాలున్నాయని హుయాన్‌త్సాంగ్ తన గ్రంథంలో రాశాడు. ఎర్ర బట్టలు కట్టకూడదు, సొరబుర్రలు పట్టుకెళ్ళకూడదు, గట్టిగా అరవకూడదు. తప్పితే నాగులు కోపగించి మంచునూ రాళ్ళనూ కురిపిస్తాయట. చప్పుడుకు మంచుపెళ్ళలు విరిగిపడతాయని ఆ దారిన తిరిగేవాళ్ళకు అనుభవం మీద తెలిసి ఉంటుంది.

పొడి నేల లేదు. కుండ వేలాడదీసి వండుకున్నారు, మంచు మీదే పడుకున్నారు. ఏడు రోజుల తర్వాత కిందికి దిగి చూసుకుంటే పదిమందిలో ముగ్గురు నలుగురు లేరు. చలికీ ఆకలికీ పోయారు. ఎద్దులూ గుర్రాలూ అంతకన్నా ఎక్కువ పోయాయి. గావోచాంగ్ రాజు పంపిన ఆ మనుషుల పేర్లు ఎక్కడా నమోదు కాలేదు.

దిగితే ఇస్సిక్‌కుల్ సరస్సు, చలికాలంలోనూ గడ్డకట్టదు. దాని పడమట సుయాబ్. ఇప్పటి కిర్గిజిస్తాన్‌లో టోక్మక్ దగ్గర. ఖగాన్ వేటలో ఉన్నాడు. ఆకుపచ్చ పట్టు అంగీ, విరబోసుకున్న జుట్టు, నుదుటి చుట్టూ పట్టు గుడ్డ. విందులో అందరికీ మద్యమూ మాంసమూ, భిక్షువుకు వేరుగా ద్రాక్షరసం, పండ్లు. ఖగాన్ హితవు చెప్పాడు: "ఆ భారతదేశం పోవద్దు. అక్కడ ఎండలు మండిపోతాయి. మిమ్మల్ని చూస్తే అక్కడ కరిగిపోయేలా ఉన్నారు." వినడని తేలాక, చాంగాన్‌లో కొన్నేళ్ళుండి చైనా భాష నేర్చిన కుర్రాణ్ణి సైన్యంలో వెతికించి, కపిశ దేశం దాకా తోడిచ్చాడు.

తాష్కెంట్ దాటాక మళ్ళీ ఎడారి, మళ్ళీ ఎముకలే దారి గుర్తులు. ఆ తర్వాత సమర్కంద్. నలుదిక్కుల సరుకూ వచ్చి చేరే ఊరు, అగ్నిని కొలిచే జనం. రెండు బౌద్ధ మఠాలున్నా భిక్షువులు లేరు. లోపలికెళ్ళిన సామణేరులిద్దరిని మండే కొరవులతో తరిమారు. రాజు తరిమినవాళ్ళ చేతులు నరకమన్నాడు. హుయాన్‌త్సాంగ్ అడ్డుపడి ఆ శిక్ష ఆపించాడు. తర్వాత ఇనుప ద్వారం అనే ఇరుకు కనుమ, ఆక్సస్ నది, బాల్ఖ్, బామియాన్. 2001 మార్చిలో తాలిబన్లు పేల్చేసిన రెండు మహా బుద్ధవిగ్రహాలూ నిండుగా నిలబడి ఉన్నప్పుడు వర్ణించి రాసినవాళ్ళలో ఆయన ఒకడు. బామియాన్ దాటిన రెండో రోజు మంచుతుఫానులో దారి తప్పితే, వేటగాళ్ళు కనబడి కపిశకు తోవ చూపారు.

ధాన్యకటకం దాకా

భారతదేశంలో ఆయన నలందాలో చదువుకున్నాడు, దేశమంతా తిరిగాడు. సుమారు 639–40లో తెలుగునేల మీద అడుగుపెట్టాడు. వేంగిని ఆంధ్ర దేశపు రాజధానిగా నమోదు చేశాడు. ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, కొన్ని నెలలున్నాడు. తూర్పు కొండ మీద పూర్వశైల, పడమటి కొండ మీద అపరశైల విహారాలు అప్పటికే పాడుబడి ఉన్నాయని రాశాడు. సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మం చదువుకుని, తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలు వాళ్ళకు చెప్పాడు. ఏడో శతాబ్దపు అమరావతి గురించి, చూసినవాడు రాసిన కబురు మనకు దొరికిందంటే ఈయన వల్లే.

643లో తిరుగు ప్రయాణం. గావోచాంగ్‌ను 640లో టాంగ్ సైన్యం ఆక్రమించింది. రాజు అప్పటికే చనిపోయాడు. మూడేళ్ళ మాట తీర్చుకోవడానికి మనిషి లేడు. హుయాన్‌త్సాంగ్ పామీర్లు దాటి దక్షిణపు దారిన ఖోతాన్ చేరాడు. అనుమతి లేకుండా వెళ్ళాను, తిరిగొస్తున్నాను అని అక్కణ్ణుంచి చక్రవర్తికి ఉత్తరం రాశాడు.

వచ్చిన జవాబు చదివితే నవ్వూ వస్తుంది, నిట్టూర్పూ వస్తుంది. త్వరగా రమ్మన్నాడు చక్రవర్తి. మనుషులూ గుర్రాలూ సమకూర్చమని దారిలోని రాజ్యాలకు ఆజ్ఞ ఇచ్చాడు. ఎడారి దాకా ఎదురెళ్ళి తీసుకురమ్మని దున్‌హువాంగ్ అధికారులకు ఆదేశం. ఏ ప్రభుత్వం పట్టుకోమని తాఖీదు పంపిందో, ఆ ప్రభుత్వమే ఇప్పుడు స్వాగతానికి మనుషుల్ని పంపింది. 645 ఆరంభంలో 657 గ్రంథాలతో ఆయన చాంగాన్‌లో అడుగుపెట్టాడు.

తర్వాత లువోయాంగ్‌లో దర్శనమిచ్చినప్పుడు చక్రవర్తి అడిగాడు: చెప్పకుండా ఎందుకు వెళ్ళారు? ఎన్నోసార్లు అర్జీ పెట్టాను, దొరకలేదు, ఆగలేక వెళ్ళాను, తప్పు నాదే అన్నాడు హుయాన్‌త్సాంగ్. సన్యాసులకు లోకం కట్టుబాట్లు వేరని చక్రవర్తి క్షమించాడు. నదిని ఎవరు దాటించారు, బురుజుల దగ్గర ఎవరు నీళ్ళిచ్చారు అన్న మాట ఆ సంభాషణలో రాలేదు.

చక్రవర్తి కోరిక మీద 646లో సిద్ధమైన యాత్రాగ్రంథం గావోచాంగ్ దాటాకనే, అగ్ని దేశంతో మొదలవుతుంది. అంతకు ముందరి నేల అప్పటికే టాంగ్ రాజ్యం కాబట్టి విదేశాల వర్ణనలో దానికి చోటు లేదు. కారణం అదే అయినా, ఫలితంగా రాజు చదివే పుస్తకంలో పాంతువో లేడు, వాంగ్ షియాంగ్ లేడు, తాఖీదు చింపిన లీ చాంగ్ లేడు. ఆ పేర్లున్నది హ్వీలీ రాతప్రతిలో. దాన్ని ఆయన నేలమాళిగలో దాచి, చివరి రోజుల్లో శిష్యుల చేత బయటికి తీయించాడు. యాన్‌చోంగ్ అనే భిక్షువు దాన్ని పూర్తిచేసింది 688లో. చక్రవర్తి పోయి అప్పటికి 39 ఏళ్ళు, యాత్రికుడు పోయి 24 ఏళ్ళు. ఆ పేర్ల మీద చర్య తీసుకోవడానికి ఇక ఎవరికీ అవసరం లేదు.